ఎఫ్‌డీ తీసి, నగలు కుదువ పెట్టి 330ఐ కొనొద్దు

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. హనుమకొండలో ఉంటాం. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం, నెలకు చేతికి 1.65 లక్షలు వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 22 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 31 వేలు. ఇంటి ఖర్చు, ఇద్దరు పిల్లల ఫీజులు, పరకాలలో ఉన్న అమ్మానాన్నలకు పంపేది అన్నీ కలిపి 62 వేలు. సిప్ 20 వేలు, పాలసీల ప్రీమియం నెలకు 5 వేలు పడుతుంది. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఏటా బోనస్ దాదాపు 3 లక్షలు. హైదరాబాద్‌లో 2020 మోడల్ బీఎండబ్ల్యూ 330ఐ చూశాను. 52 వేల కిలోమీటర్లు తిరిగింది, 29 లక్షలు చెప్పారు. ఎఫ్‌డీ తీసి, ఇంట్లో బంగారం మీద 5 లక్షల లోన్ తీసుకుని 9 లక్షలు డౌన్ పేమెంట్ కడతాను. మిగతా 20 లక్షలకు 12 శాతం వడ్డీతో ఐదేళ్ల కారు లోన్ ఇస్తామన్నారు. ఈఎంఐ పోను ఇంకా 24 వేలు మిగులుతాయి. ఈ బండి వాడుతున్నవాళ్లంతా తెగ మెచ్చుకుంటున్నారు. అడ్వాన్స్ 25 వేలు ఇచ్చేశాను. ఇప్పుడున్న ఐ20 ఇంట్లోనే ఉంచుకుంటాం. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: వద్దు. బండి చెడ్డదని కాదు. నడపడం ఇష్టమున్నవాళ్లకు ఇంత పెట్టినందుకు ఇంత ఆనందం ఇచ్చే సెడాన్లు తక్కువే. కానీ మీరు వేసిన లెక్కలో ఈఎంఐ ఒక్కటే ఉంది, బండి లేదు. పైగా డౌన్ పేమెంట్ తెస్తున్నది అస్సలు ముట్టకూడని రెండు చోట్ల నుంచి. పాత లగ్జరీ కారు కొనేవాళ్లలో చాలామంది సరిగ్గా ఈ రెండు తప్పులే చేస్తున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఎఫ్‌డీ సంగతి. ఆ 4 లక్షలు మీ ఇంటి అత్యవసర నిధి. మీరు ఆ పేరు పెట్టలేదేమో గానీ, మీకున్నది అదొక్కటే. ఇంటి ఈఎంఐ, ఖర్చులు, ప్రీమియాలు కలిపితే జీతం వచ్చినా రాకపోయినా నెలకు 98 వేలు కట్టాల్సిందే. ఆరు నెలలకు 5.88 లక్షలు. అంటే ఈరోజుకే మీ నిధి దాదాపు 1.9 లక్షలు తక్కువగా ఉంది. ఇప్పుడు బండి కొన్నారనుకుందాం. 98 వేలకు 44,489 ఈఎంఐ చేరుతుంది. బీమా, సర్వీసుకు నెలకు మరో 10 వేలు. మొత్తం 1.53 లక్షలు, ఆరు నెలలకు దగ్గర దగ్గర 9.2 లక్షలు. బండి తాళాలు చేతికొచ్చిన రోజే మీకు కావాల్సిన నిధి 3.3 లక్షలు పెరుగుతుంది. అదే రోజు మీరు ఉన్న నిధిని సున్నా చేస్తున్నారు.

ఇంట్లో వచ్చే ప్రతి వంద రూపాయల్లో 88 మీ ఒక్కరి జీతమే. ఐటీలో ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద కూర్చోబెడితే ఎన్ని నెలల్లో ఇంకో ఉద్యోగం వస్తుందో మీకే బాగా తెలుసు. ఆ నెలల్లో మీ ఆవిడ 22 వేలతో ఇంటి ఈఎంఐ కూడా తీరదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతోనే పోతుంది. అప్పుడు బండి అమ్మేస్తాననుకోకండి. తొందరలో ఉన్నవాళ్ల దగ్గర లగ్జరీ కారును ఎవరూ మంచి రేటుకు కొనరు. మూడేళ్లు ఈఎంఐలు తప్పకుండా కట్టినా లోన్ ఇంకా 9.45 లక్షలు మిగిలే ఉంటుంది. అది తీర్చి, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 మీద బ్యాంకు సంతకం పెట్టి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇస్తేనే బండి మీ చేతి నుంచి కదులుతుంది.

ఇక బంగారం. ఆపదలో కుదువ పెట్టాల్సిన సొత్తును బండికి డౌన్ పేమెంట్‌గా పెట్టడం నాకు ససేమిరా నచ్చదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఏడాదికి ఒకేసారి కట్టే లోన్ అయితే 10 శాతం లెక్కన ఏడాది తిరిగేసరికి 5.5 లక్షలు కట్టాలి. మీ బోనస్ మొత్తం పోసినా ఇంకా 2.5 లక్షలు తక్కువ. చాలామంది అప్పుడు వడ్డీ మాత్రం కట్టి లోన్ మళ్లీ రాయించుకుంటారు. నగలు ఏళ్ల తరబడి లాకర్లోనే ఉంటాయి. ధర పడితే బ్యాంకు తేడా కట్టమంటుంది, కట్టలేకపోతే వేలం నోటీసు వస్తుంది. పైగా ఎఫ్‌డీ, బంగారం రెండూ ఒకే రోజు ఖర్చయితే, రేపు పరకాల నుంచి రాత్రి పదింటికి ఫోన్ వస్తే ఆసుపత్రిలో కట్టే అడ్వాన్స్ ఎక్కడి నుంచి తెస్తారు? క్రెడిట్ కార్డు గీకుతారు. అదే ఉచ్చు.

ఇప్పుడు బండి దగ్గరకు వద్దాం. వాడుతున్నవాళ్లు మెచ్చుకునేది నిజమే. 258 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్, వంద వేగం అందుకోవడానికి 5.8 సెకన్లు. వెనక చక్రాలకే శక్తి వెళ్తుంది కాబట్టి స్టీరింగ్ తేలిగ్గా, కచ్చితంగా తిరుగుతుంది. 8 స్పీడ్ జెడ్‌ఎఫ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎప్పుడు గేరు మార్చిందో తెలియదు. హనుమకొండ నుంచి జనగామ మీదుగా హైదరాబాద్ వెళ్లే హైవే మీద ఇది ఎక్కడా అలిసిపోదు. నెమ్మదిగా తోలితే హైవేలో లీటరుకు 14 కిలోమీటర్ల దాకా వస్తుంది, ఊళ్లో 8, 9కి పడిపోతుంది. అయితే మెచ్చుకునేవాళ్లు ఎక్కువగా మాట్లాడేది హైవే గురించి. మీరు రోజూ తోలేది కాజీపేట, హనుమకొండ రోడ్ల మీద. స్పీడ్ బ్రేకర్ల మీద ఏటవాలుగా ఎక్కించకపోతే అడుగుభాగం గీసుకుంటుంది. గుంతలో పడితే కుదుపు నడుముకే తెలుస్తుంది.

ఆ కుదుపులో పెద్ద భాగం టైర్లదే. ఇవి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా పక్కగోడ గట్టిదనంతో గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా సుమారు 80 కిలోమీటర్లు నడపొచ్చని కంపెనీ చెబుతుంది. హనుమకొండ నుంచి హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు. ఊరు దాటగానే టైరు పోతే జనగామ దాటి ఆలేరు దరిదాపుల్లో ఆ హద్దు అయిపోతుంది. అలా గాలి లేకుండా నడిపిన టైరును పంక్చర్ వేసి మళ్లీ వాడటం మంచిది కాదు, లోపలి పక్కగోడ అప్పటికే నలిగి ఉంటుంది. ఈ టైరును రిమ్ము నుంచి విప్పడానికి సాయపు చేయి ఉన్న యంత్రం కావాలి. మామూలు పంక్చర్ షాపులో గునపాలతో లాగితే అంచు చిరుగుతుంది, రిమ్ము గీరుకుపోతుంది. ఒక్కో టైరు పాతిక వేలకు అటూ ఇటూ. కొన్ని వేరియంట్లలో వెనక టైర్లు ముందువాటికంటే వెడల్పు. అంటే ముందుకూ వెనక్కూ మార్చుకుంటూ సమానంగా అరగదీయడం కుదరదు, వెనకవి త్వరగా పోతాయి. 35 వేల కిలోమీటర్ల దగ్గర లక్ష రూపాయల టైర్ల ఖర్చు రాసిపెట్టుకోవాల్సిందే.

ఈ బండిలోని బీ48 ఇంజిన్ మొత్తంగా గట్టిది. కానీ వయసు పెరిగేకొద్దీ ప్లాస్టిక్ పెళుసుబారి కూలెంట్ కారడం మామూలే. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ చుట్టూ, వాటర్ పంప్, థర్మోస్టాట్ దగ్గర ఎండిన తెల్లటి మరక కనిపిస్తే అది దుమ్ము కాదు, కారి ఆరిన కూలెంట్. పట్టించుకోకుండా మామూలు నీళ్లు పోస్తూ నడిపితే ఇంజిన్ వేడెక్కి హెడ్ దాకా పోతుంది. ఇంజిన్ ఆయిల్ ఐదుంపావు లీటర్లు పడుతుంది, కంపెనీ ఆమోదించిన రకమే పోయాలి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదని షోరూముల్లో చెబుతారు. గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. అక్కడ ఫిల్టర్, అడుగు ట్రే ఒకే ముక్క కాబట్టి ఆయిల్‌తోపాటు అదీ కొత్తది వేయాలి. 52 వేలు తిరిగిన బండి ఏడాదికి 12 వేలు తిరిగితే మీ ఈఎంఐలు సగానికి రాకముందే ఈ ఖర్చు మీ వంతుకు వస్తుంది.

బ్యాటరీ మార్చడం కూడా వీధి చివర షాపు పని కాదు. ఏజీఎం రకం బ్యాటరీ వేసి, స్కానర్‌తో బండి కంప్యూటర్‌లో కొత్తదని నమోదు చేయాలి. లేకపోతే పాత బ్యాటరీ అనుకుని తప్పుగా చార్జ్ చేసి దాన్ని త్వరగా చంపేస్తుంది. బ్రేక్ ప్యాడ్లతోపాటు అరుగుదల సెన్సర్ మార్చాలి, డిస్కులు కూడా పోతే నాలుగు చక్రాలకూ కలిపి లక్ష దాకా లేస్తుంది. ఒక్క హెడ్‌లైట్ పగిలితే లక్షకు తక్కువ ఉండదు. దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగకూడదు. ఇంజిన్ ఆగి వెనక చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఆడదు, లోపల కాలిపోతుంది. ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించే పంపాలి. బీమాతో వచ్చే రోడ్ సైడ్ అసిస్టెన్స్‌లో ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితమో ముందే చదువుకోండి. చాలా పాలసీల్లో ఆ దూరం హైదరాబాద్ దాకా చాలదు.

వానల గురించి ఓరుగల్లు వాళ్లకు చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో కాలనీలు మునిగినప్పుడు ఎన్ని బండ్లు నీళ్లలో నిలబడ్డాయో చూశారు. కిందికి ఉండే ఇలాంటి బండిలో ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి నీళ్లు వెళితే సిలిండర్ నిండిపోతుంది. నీళ్లలో ఆగిన బండికి స్టార్ట్ బటన్ మళ్లీ నొక్కితే పిస్టన్ నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు పాలసీలో ఈ నష్టాన్ని వరద నష్టంగా కాక, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టంగా చూసి కొట్టేస్తారు. ఇంజిన్ ప్రొటెక్ట్ రైడర్, అంటే ఇంజిన్ నష్టానికి అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్, ఉంటేనే దారి. నయీంనగర్ నాలా పొంగిన రోజు, బొందివాగు పక్క రోడ్లలోకి నీళ్లొచ్చిన రోజు ఐ20 కూడా తీయకండి, ఇది అసలే తీయకండి.

చిక్కు ఏమిటంటే, ఐదేళ్లు దాటిన బండ్లకు జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల అరుగుదల కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్), ఇంజిన్ ప్రొటెక్ట్ ఇవ్వడానికి చాలా బీమా కంపెనీలు వెనకాడతాయి. కొన్ని ఇస్తాయి, బండి చూసి ఎక్కువ తీసుకుంటాయి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే అమ్మేవాళ్ల నో క్లెయిమ్ బోనస్, మీకు రాదు, అది వాళ్లతోనే పోతుంది. మీ ఐ20 బోనస్ ఐ20తోనే ఉంటుంది. 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియమే 7,897 రూపాయలు, దాని మీద జీఎస్టీ. రైడర్లన్నీ కలిపి 75 వేలు అనుకుని లెక్క వేస్తున్నాను, ఇంకా ఎక్కువ కూడా కావచ్చు. బండికి పైసా ఇవ్వకముందే రిజిస్ట్రేషన్ నంబరుతో రెండు కంపెనీల కోట్ తెప్పించుకోవాల్సింది.

ఇప్పుడు అసలు లెక్క. నెలకు వెయ్యి కిలోమీటర్లు, సగటున లీటరుకు 10, పెట్రోలు లీటరు 107 అనుకుంటే ఏడాదికి 1,28,400. బీమా 75 వేలు. మామూలు సర్వీసుకు 50 వేలు. టైర్ల కోసం పక్కన పెట్టాల్సింది 33 వేలు. ఏమీ చెడిపోకుండానే ఏడాదికి 2,86,400, అంటే నెలకు దాదాపు 24 వేలు. మీరు మిగులుతుందన్న డబ్బు సరిగ్గా ఇక్కడే అయిపోయింది. బంగారం మీద వడ్డీ నెలకు 4,167 కలిపితే మీరు నెలనెలా 3,500 లోటులో ఉంటారు. బంగారం అసలు ఇంకా ముట్టలేదు. పైన చెప్పిన కూలెంట్ పంపు, గేర్‌బాక్స్ ఆయిల్, బ్రేకులు ఏవీ ఈ లెక్కలో లేవు. ఇక ఆగేది సిప్, తర్వాత పాలసీ ప్రీమియం.

ఏం చేయాలో చెబుతాను. ఈ నెల నుంచే బండి ఉన్నట్టే బతకండి. ఇద్దరి జీతాల్లో ఇప్పటి ఖర్చులు, సిప్ అన్నీ పోను మిగులుతున్న 69 వేలలో 45 వేలు ఆర్‌డీలో వేయండి, అది మీ ఈఎంఐ. 24 వేలు వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి, అది పెట్రోలు, బీమా, టైర్లు. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు, యూపీఐ పెట్టుకోకండి. 18 నెలలు తప్పకుండా ఇలా నడిస్తే 12.4 లక్షలు చేరతాయి, వడ్డీ వేరే. నాలుగు నెలలకే చేయి ఆగిపోతే, బండి వచ్చాక కూడా అదే జరిగేదని తెలిసిపోతుంది, అదీ అప్పు లేకుండానే.

చేరిన దాంట్లో మొదటి 5.2 లక్షలు ఎఫ్‌డీతో కలిసి అత్యవసర నిధిని 9.2 లక్షలకు తెస్తాయి. ఆ తర్వాత 3 లక్షలు బండి రిపేర్ల కోసం విడిగా పెట్టండి. ఇది అత్యవసర నిధిలో భాగం కాదు, రెండూ కలపొద్దు. గేర్‌బాక్స్ ఆగిపోయిన నెలలోనే ఉద్యోగం కూడా పోవచ్చు, ఒకే కుండలో నీళ్లు రెండుచోట్ల పోయలేం. మిగిలే 4.2 లక్షలకు ఒక బోనస్ కలిపితే 7.2 లక్షల డౌన్ పేమెంట్ చేతిలో ఉంటుంది, నగలు ఇంట్లోనే ఉంటాయి. దానిమీద 12 లక్షలకు మించి లోన్ వద్దు. అదే 12 శాతానికి నాలుగేళ్లయితే ఈఎంఐ 31,600. ఖర్చులతో కలిపి 55,600, మీ 69 వేల లోపలే. అప్పటికి ఇదే 2020 బండ్ల ధర కూడా దిగి ఉంటుంది. 19 లక్షల్లో వస్తే కొనండి, రాకపోతే ఇంకో ఆరు నెలలు ఆగండి.

అప్పుడు బండి చూసేటప్పుడు మెరుపు చూడకండి. ఛాసిస్ నంబరుతో కంపెనీ వర్క్‌షాప్‌లో సర్వీసు చరిత్ర తీయించండి, మీటరు కిలోమీటర్లు దానితో సరిపోవాలి. బండిని రాత్రంతా ఆపి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు మీ ముందే స్టార్ట్ చేయించండి. అంతకుముందే కూలెంట్ మట్టం చూడండి. ఇంజిన్ ఒక్కటే కాకుండా గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగులు, స్టీరింగ్ ఇలా బండిలోని అన్ని కంప్యూటర్ మాడ్యూళ్లూ స్కాన్ చేయించండి. స్కానర్ చూపే తప్పుల జాబితా మరీ శుభ్రంగా ఉంటే, నిన్ననే చెరిపేశారేమో, బండి తనంతట తాను చేసుకునే స్వీయ పరీక్షలు పూర్తయ్యాయా లేదా చూసి తేల్చుకోవచ్చు. టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 2320 అంటే 2020లో 23వ వారంలో తయారైందని. అవి పాత టైర్లే అయితే ధరలో లక్ష తగ్గించమనండి. రెండో తాళం ఉందో లేదో అడగండి. ఢిల్లీ, బెంగళూరు నంబరు బండి చవకగా వస్తే తొందరపడకండి. ఎన్‌ఓసీ తెచ్చుకుని తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాక ఆ చవక మిగలదు. ఇంకా పాత 328ఐలు సగం ధరకే కనిపిస్తాయి, వాటిలోని ఎన్20 ఇంజిన్‌లో టైమింగ్ చైన్ గైడ్లు అరిగే సమస్య ఉంది, ఆ జోలికి పోకండి. బండి యాజమాన్యం మీకు మారిన 14 రోజుల్లో బీమా కూడా మార్పించుకోవాలి. మరిచిపోతే క్లెయిమ్ రోజు చిక్కు.

మిగతా దారుల గురించి ఒక్కో మాట. ఇంటి లోన్ మీద టాప్ అప్ (అదనపు అప్పు) తీసుకుంటే వడ్డీ తక్కువే, కానీ ఐదేళ్లలో అరిగే బండికి పదిహేనేళ్లు ఇల్లు పూచీ పడుతుంది, వద్దు. బ్యాంకు తన అంచనా ధర మీదే లోన్ ఇస్తుంది, తగ్గినదానికి పర్సనల్ లోన్ తెస్తాననే ఆలోచన రానీయకండి. నడిపే సరదానే ముఖ్యమైతే 150 హార్స్‌పవర్ 1.5 టర్బో సెడాన్లు ఇంతకంటే తక్కువ ధరకే కొత్తవి వస్తాయి. కంపెనీ బీమా కాకుండా కుటుంబానికి సొంతంగా ఒక ఆరోగ్య పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. అమ్మానాన్నలకు వేరే పాలసీ తీసుకోండి, వాళ్లకున్న జబ్బులు దాచకుండా రాయండి.

ఇచ్చిన 25 వేల అడ్వాన్స్ గురించి మీకు బెంగ ఉంటుంది. రేపే ఫోన్ చేసి, బీమా కోట్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ రావడం లేదు, కుదరదు అని మర్యాదగా అడగండి. రసీదు మీద వాపసు షరతు ఏమని రాసి ఉందో ముందు చదవండి. సగమే ఇస్తామన్నా పుచ్చుకోండి. ఏమీ ఇవ్వం అన్నా వదిలేసి రండి, బంగారం మీద కట్టబోయే ఏడాది వడ్డీలో అది సగమే.